స్టార్టరు పక్కన కర్ర

మా అక్క వాళ్ళ రొయ్యల చెరువు గట్టు మీద ఒక రేకుల షెడ్డు ఉంది. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. లోపల చెక్క పలకకు బిగించిన స్టార్టరు డబ్బా, దాని కింద మూడు ఫ్యూజులు, పక్కన ఒక మేకు. ఆ మేకుకు జానెడున్నర పొడవున్న ఎండు సరుగుడు కర్ర వేలాడుతూ ఉంటుంది.

ఆ కర్ర ఎందుకో మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. అక్క షెడ్డులోకి వెళ్ళి, కర్ర తీసుకుని, దాని కొనతో స్టార్టరు మీది పచ్చ బొత్తాన్ని నొక్కింది. చెరువు నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరగడం మొదలుపెట్టాయి. కర్రను మళ్ళీ మేకుకు తగిలించి మేత బకెట్టు ఎత్తుకుంది.

"చేత్తో నొక్కొచ్చుగా అక్కా?"

"ఎర్త్ కొడతందిరా. డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటది. కర్రతో అయితే ఏం ఉండదు."

"ఎప్పట్నుంచి?"

"ఏమో. పోయిన వానాకాలం నుంచనుకుంటా."

అంటే అప్పటికి ఎనిమిది నెలలు. రోజుకు ఆన్ చేయడం రెండుసార్లు, ఆపడం రెండుసార్లు. మా అక్క చేతికీ కరెంటుకూ మధ్య ఒక కర్ర తప్ప ఏమీ లేకుండా ఎన్నిసార్లు గడిచిందో నేను అక్కడే నిలబడి లెక్కవేశాను. లెక్కవేయడం నా అలవాటు, భయం వేసినప్పుడు మరీను.

నేను బందరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఇప్పుడు గుడివాడ దగ్గర చేపల మేత తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. అక్కడ ఏదైనా మిషను బాడీకి కరెంటు వస్తోందని ఎవరైనా అంటే ముందు లైను ఆపుతాం, మెయిన్‌కు తాళం వేస్తాం, 'మనుషులు పని చేస్తున్నారు' అని అట్ట కడతాం, ఆ తర్వాత నేను కాగితం మీద సంతకం పెడతాను. నా సంతకం లేనిదే తాళం తీయరు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా నేను చెప్పిన వరుసలోనే ఆ పని చేస్తారు. ఆదివారం బందరులో బస్సు మారి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలోకి అడుగుపెట్టగానే నా సంతకానికి విలువ పోయేది. అక్కడ నేను ఫలానా ఆయన బావమరిదిని, అంతే.

ఆ ఫలానా ఆయన, మా బావ, మంచివాడు. ఈ మాట మొదటే రాయాలి. అక్కను ఒక్కనాడూ గట్టిగా కసిరినవాడు కాదు. పాలకాయతిప్ప వైపు ఉన్న ఆ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా, పెళ్ళి జరిగినా షామియానా గుంజ పాతడానికి ముందు ఆయనే వెళ్తాడు. ఆదివారం యేసు గుడిలో డోలక్ వాయిస్తాడు. ఆయన కూర్చున్నచోట నలుగురు చేరతారు, నలుగురు చేరినచోట నవ్వు పుడుతుంది. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే. తప్పు చూపించే మాట ఆయన చెవి దాకా వెళ్ళదు, దారిలోనే నవ్వుగా మారిపోతుంది.

మా వైపు బావా బావమరుదుల మాటలకు ఒక పద్ధతుంది. ఏమన్నా సరసమే. తిట్టినా సరసమే, అలిగినా సరసమే. బావమరిది కోపం తెచ్చుకుంటే మరీ మంచి సరసం. ఇంకో పక్క అల్లుడి మర్యాద ఒకటి ఉంది. ఆడపిల్లను ఇచ్చినవాళ్ళు అల్లుడి ఎదుట ఆయన తప్పు ఎత్తకూడదు. నాన్న ఇప్పటికీ ఆయన్ని 'అల్లుడుగారూ' అనే పిలుస్తారు, ఆయన కూర్చున్నాకే కూర్చుంటారు. నేను మాట్లాడితే అది సరసమవుతుంది. నాన్న మాట్లాడితే అమర్యాద అవుతుంది. ఈ రెండింటి మధ్య నిజమైన మాట దూరేంత సందు లేదు.

ఆరోజు భోజనాల దగ్గర అడిగాను.

"బావా, స్టార్టరు బాడీకి కరెంటు వస్తోంది. అక్క కర్రతో నొక్కుతోంది."

"అవున్రా. మోషే కర్ర అది. సముద్రం చీలింది, ఏరేటర్లు తిరగవా?"

"నవ్వులాట కాదు బావా. కర్ర తడిస్తే?"

"తడిస్తే ఆరబెడతాం. మీ అక్క పచ్చడి మిరపకాయలు ఆరబెట్టట్లా?" అని వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, మీ తమ్ముడు కరెంటాఫీసు నుంచి వచ్చాడే, ఇంకో చేపముక్క వెయ్యి" అన్నాడు.

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేపముక్క మాత్రం తిన్నాను.

మరుసటి వారం గుడివాడలో నా గదిలో కూర్చుని కాగితం తయారుచేశాను. ఏది ఎక్కడుందో గుర్తు తెచ్చుకుంటూ, మనిషి ప్రాణానికి ఎంత దగ్గరో చూసుకుంటూ వరుసపెట్టాను. స్టార్టరు డబ్బాకు ఎర్తింగ్ లేదు. ఫ్యూజుల్లో ఫ్యూజు తీగకు బదులు వైరులోంచి తీసిన లావుపాటి రాగి పోగులు కట్టి ఉన్నాయి, అవి కాలవు, లైను ఆగదు. ఏరేటర్లకు పోయే వైర్ల అతుకులకు మేత సంచుల ప్లాస్టిక్ చుట్టి ఉంది, గట్టు మీద పచ్చగడ్డిలో పడి ఉన్నాయి. ఇలా మొత్తం పదకొండు. ప్రతిదాని ఎదురుగా ఏం చేయాలో, ఏం సామాను కావాలో రాసి టైపు చేయించి ప్రింటు తీయించాను. ఫ్యాక్టరీలో అలాంటి కాగితం ఇస్తే మేనేజరు నన్ను మెచ్చుకునేవాడు.

ఆ ఆదివారం గుడి అయ్యాక బావ ఇంటికి ఆరుగురు వచ్చారు. పక్క చెరువుల వాళ్ళు, డోలక్ పక్కన కంజీర వాయించే ఆయన. అందరూ ఉన్నప్పుడు ఇస్తే తప్పించుకోలేడని నా లెక్క. కాగితం బావ చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, గుడిలో బైబిలు పత్రికలు చదివే రాగంలో మొదలుపెట్టాడు.

"బావమరిది తన బావకు రాసిన మొదటి పత్రిక. మొదటి వచనం. స్టార్టరు డబ్బాకు... ఎర్తింగ్... లేదు!"

"ఆమేన్" అన్నాడు కంజీర ఆయన.

"రెండవ వచనం. ఫ్యూజులయందు... లావుపాటి తీగెలు... ఉన్నవి!"

"ఆమేన్!" ఈసారి ఆరుగురూ.

పదకొండూ చదివాడు. ఒక్కటి కూడా వదల్లేదు. చివరి దానికొచ్చేసరికి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. చదవడం అయ్యాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గూట్లో, బైబిలు కింద పెట్టాడు.

"ఇక నుంచి ప్రతి ఆదివారం ఇదే చదువుదాం. పాస్టరు అయ్యగారికి కూడా చెప్పండయ్యా" అన్నాడు.

ఏదో అనాలి. ఏమన్నా అది పన్నెండో వచనం అవుతుంది. బస్సుకు టైమైందని లేచాను. ఇంకా రెండు గంటలుంది.

ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. వార్త అప్పటికే బందరులో మా ఇంటికి చేరింది. "అల్లుడుగారిని నలుగురిలో అలా నిలదీస్తావా? వాళ్ళ అన్నదమ్ములు ఏమనుకుంటారు? రేపు ఏదైనా అవసరమొస్తే మనం ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాలి?" అన్నారు.

"అక్కకు కరెంటు కొడితే ఏ మొహం పెట్టుకుంటాం నాన్నా?"

"దేవుడున్నాడు" అని పెట్టేశారు.

రెండు వారాలు నేను వెళ్ళలేదు. మూడో ఆదివారం వెళ్ళినప్పుడు బావ ఇంటికి కాకుండా ముందు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆ గుడి పాస్టరుగారు. డెబ్బై దాటినాయన, ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. అందుకని నాకు ఆయనతో మాట్లాడటం తేలిక. ఆరాధన ఇంకా మొదలవలేదు. ఆయన బల్లల మీద దుమ్ము తుడుస్తున్నారు.

జరిగిందంతా చెప్పాను. నేను అడగదల్చుకున్నది ఒక్కటే. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యం ఒకటి నన్ను పట్టుకుంది. బుద్ధి చెప్తే వెక్కిరించేవాణ్ణి సరిదిద్దబోతే దిద్దినవాడికే అవమానం మిగులుతుందని, అదే తెలివిగలవాడికి చెప్తే చెప్పినవాణ్ణి ప్రేమిస్తాడని దాని భావం. నాకు అవమానం అచ్చంగా అలాగే జరిగింది. అంటే ఇక వదిలేయమనేనా? ఇంకోచోట మరీ చిక్కు. బుద్ధి లేనివాడికి వాడి పద్ధతిలో బదులు చెప్పొద్దు, చెప్తే నువ్వూ వాడిలా అవుతావు అని ఒక వాక్యం. దాని వెంటనే, బదులు చెప్పు, లేకపోతే వాడు తనే తెలివిగలవాణ్ణనుకుంటాడు అని ఇంకొకటి. పక్కపక్కనే రెండు, ఒకటి ఆపమంటుంది, ఒకటి నడపమంటుంది.

"ఒకే మోటారుకు రెండు స్విచ్చులు పెట్టినట్టుంది అయ్యగారూ. ఏది నొక్కాలి?"

ఆయన నవ్వలేదు. తుడుస్తున్న గుడ్డను దులిపి బల్ల మీద వేశారు.

"వదిలెయ్యమని ఎక్కడుంది బాబూ? అవమానం వస్తుందని ఉంది. వస్తుందని ముందే చెప్పారు, అంతే. అది సరే, కాగితం నలుగురి ముందు ఎందుకిచ్చావు?"

"తప్పించుకోకుండా ఉంటాడని."

"తప్పించుకోకుండానా, ఓడిపోవాలనా?"

నేను బల్ల అంచున మిగిలిన దుమ్మును వేలితో తుడిచాను.

"నీకెవరన్నా తప్పు చూపిస్తే ఎలా తీసుకుంటావు?"

"చూపించమనండి. కరెక్టయితే ఒప్పుకుంటాను."

"మంచిది" అని ఆయన మళ్ళీ గుడ్డ అందుకున్నారు. "రెండు స్విచ్చుల్లో ఏది నొక్కాలో నాకూ తెలియదు. నేను నలభై ఏళ్ళుగా తప్పుగానే నొక్కుతున్నాను."

ఆ జవాబు నాకు నచ్చలేదు. లెక్కల మాస్టారు చెప్పాల్సిన జవాబులా లేదు.

మాట పనిచేయకపోతే చెయ్యి పనిచేస్తుందనుకున్నాను. గుడివాడలో ఒక ట్రిప్పరు కొన్నాను. ఎక్కడైనా కరెంటు లీకయితే మనిషికి తగిలేలోపు తనంతట తానే లైను ఆపేసే చిన్న పెట్టె అది. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం బావ మేత కోసం అవనిగడ్డ వెళ్ళినప్పుడు షెడ్డులో దాన్ని బిగించాను. అక్కకు మాత్రం చెప్పాను. "మీ బావకు చెప్పొద్దా?" అంది. "ఆయనకు తెలియాల్సిన పనిలేదు. ఇది దానంతటదే చూసుకుంటుంది" అన్నాను.

అది దానంతటదే చూసుకుంది. గట్టు మీది అతుకులన్నీ లీకవుతూనే ఉన్నాయి కదా. ఆ సంగతి నా పదకొండులో మూడోది, నేనే రాశాను. తెల్లవారే ముందు మంచుకు గడ్డి తడవగానే ట్రిప్పరు పడిపోయింది. ఏరేటర్లు ఆగాయి. నీళ్ళలో గాలి చాలక రొయ్యలు గట్టు అంచుకు చేరి మూతులు పైకెత్తాయి. బావ లేచి చూసేసరికి గట్టు వెంబడి ఒక వరస రొయ్యలు చచ్చి తెల్లబడిపోయాయి.

పొద్దున ఆరున్నరకు ఫోన్ చేశాడు. అరుస్తాడనుకున్నాను.

"నీ పెట్టె బ్రహ్మాండంగా పనిచేసిందిరా. ఒక్క రొయ్యకి కూడా షాక్ కొట్టలా. ఊపిరాడక పోయాయంతే."

"బావా, సారీ..."

"సారీ ఎందుకురా. ఫ్యాక్టరీలో సంతకం ఎక్కడ పెడతావో చెప్పు, రొయ్యల చేత కూడా పెట్టిస్తా."

ఆయన తిట్టుంటే బాగుండేది. ఆ సాయంత్రానికి ట్రిప్పరును పక్కనపెట్టి వైర్లు నేరుగా కలిపేశాడు. అక్క మళ్ళీ కర్ర అందుకుంది. అప్పటిదాకా ఊళ్ళో నా మాట బావ పుట్టించిన నవ్వులాట మాత్రమే. ఇప్పుడు అందరికీ ఒక కారణం దొరికింది. కరెంటు చదువుకున్నవాడు చేసిన పని వల్ల రొయ్యలు చచ్చాయి.

ఆ తర్వాతి రెండు నెలలు నేను బతికిన పద్ధతిని ఇలా చెప్పగలను. పొద్దున ఆరు, సాయంత్రం అయిదు, రోజూ ఈ రెండు టైములకు అక్క షెడ్డులో ఉంటుందని నాకు తెలుసు. ఆ రెండు టైములకూ నా చేతిలో ఫోన్ ఉండేది. అయిదుంపావుకు ఏదో ఒక సాకుతో వాట్సాప్‌లో 'ఏం చేస్తున్నావ్' అని పెట్టేవాణ్ణి. 'మేత వేస్తున్నా' అని వస్తే ఆరోజుకు అయిపోయినట్టు. రాకపోతే మిషన్ల మధ్య అటూ ఇటూ తిరిగేవాణ్ణి. చెప్పడానికి లేదు, చెప్తే పాట కడతారు. చేయడానికి లేదు, చేసి చూపించాను. వదిలేయడానికి లేదు. కరెంటాఫీసుకు ఫిర్యాదు రాస్తే లైను కోసేస్తారు. ఆ ఉత్తరం కూడా రాశాను, బావ సర్వీసు నంబరు కూడా వేశాను. అక్క బతుకుతెరువు ఆ చెరువే. ఉత్తరం బ్యాగులో అడుగున పెట్టుకుని తిరిగాను. ఫ్యాక్టరీలో ఎవరైనా 'సార్, సంతకం' అంటూ కాగితం తెస్తే నా పేరు రాయడానికి సిగ్గేసేది.

ఆఖరికి ఒకరోజు అక్కతోనే పోట్లాడాను. ఫోన్‌లో.

"నువ్వన్నా చెప్పొచ్చుగా బావకి? నీ చెయ్యే కదా పెట్టేది!"

"చెప్తే వింటాడా? నవ్వుతాడు."

"అలా నవ్వుతూ పోతే ఏదో ఒకరోజు..."

"ఒరేయ్ తమ్ముడూ, ఒకటడుగుతా చెప్పు. ఆ కాగితంలో పదకొండు రాశావు కదా. షెడ్డులో లైటుకి బురదలో పాతిన రాడ్డు ఉంది చూడు, అది రాయలేదేం?"

నాకు ఒక క్షణం తెలియలేదు. తర్వాత తెలిసింది.

ఏరేటర్లకు వచ్చే లైన్లో కరెంటు తెచ్చే మూడు ఫేజు వైర్లే ఉంటాయి, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరు ఉండదు. మోటార్లకు అక్కర్లేదు. కానీ బల్బు వెలగాలంటే కావాలి. అక్కకు పెళ్ళయిన ఏడాది, నేను డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, బావ షెడ్డులో లైటు లేదని బాధపడుతుంటే నేనే ఉపాయం చెప్పాను. ఒక ఇనుప రాడ్డును చెరువు బురదలో పాతి, బల్బు రెండో వైరు దానికి కట్టాను. ఆ మట్టంతా ఉప్పు, తడి. బల్బు ధగధగా వెలిగింది. బావ నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నంత పనిచేశాడు. "మా దివిసీమ మట్టే న్యూట్రల్ రా! ఇది కనిపెట్టినోడు మా బామ్మర్ది!" అని ఆ గట్టు మీద అందరికీ చూపించాడు. తర్వాత ఏడాదిలో పక్క చెరువుల వాళ్ళు కూడా అలాగే పాతుకున్నారు.

ఆ వైరు రాడ్డు నుంచి ఊడితే, దాని చివర ముట్టుకున్న మనిషి గుండా కరెంటు నేలలోకి పోతుంది. ఇది నాకు బాగా తెలుసు. పదకొండింటిలోకీ అది రాలేదు. మరిచిపోయానని రాస్తే అబద్ధం. కాగితం తయారుచేస్తున్నప్పుడు షెడ్డు పైకప్పు దాకా గుర్తు తెచ్చుకున్నాను. బల్బు దగ్గర నా తలకాయ దానంతటదే పక్కకు తిరిగింది.

"అది టెంపరరీగా పెట్టింది అక్కా. అప్పటికి వేరే దారి లేదు. పైగా లైటుదే కదా, ఎంత కరెంటు పోతుంది. నువ్వు అసలు విషయం వదిలేసి..."

"సర్లే" అంది అక్క. "మీ బావ కూడా అచ్చం ఇట్టాగే అంటాడు. నవ్వుతాడు, నువ్వు నవ్వవు. అంతే తేడా."

ఫోన్ నేనే కట్ చేశాను. మూడు రోజులు అక్కకు మెసేజ్ పెట్టలేదు. చూపించమనండి, కరెక్టయితే ఒప్పుకుంటానని అయ్యగారితో అన్నవాణ్ణి.

నాలుగో రోజు వాన. తుపాను కాదు, ఊరికే పొద్దంతా పట్టి కురిసే వాన. సాయంత్రం ఆరుకు అక్కే ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"కర్ర తడిసిందిరా."

నేను కుర్చీలోంచి లేచాను.

"ఏం కాలేదులే. కొట్టి వెనక్కి తోసింది. షెడ్డు గుమ్మానికి తగిలి కూర్చుండిపోయా. వేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. ముద్ద కలపడానికి రావట్లా."

"బావకు చెప్పావా?"

"చెప్పలా. నువ్వు కూడా చెప్పొద్దు."

"అక్కా, పిచ్చా నీకు..."

"చెప్తే ఏడుస్తాడురా. ఆయన ఏడిస్తే నేను చూడలేను. ఒట్టు పెట్టుకో."

పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. బావను కదిలించగల మాట అదొక్కటే. నా చేతికి వచ్చిన గంటలోనే దాన్ని నా నోటితోనే కట్టేసుకున్నాను. ఆ పూట నుంచి స్టార్టరు ముట్టొద్దని మాత్రం అక్క దగ్గర మాట తీసుకున్నాను. వేళ్ళు బాగోలేవని ఏదో చెప్పి బావను పంపుతానంది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. ఆదివారం కాని రోజున నన్ను చూసి బావ ఆశ్చర్యపోయాడు. వాన ఆగింది. గట్టు మీద ఆయన ఒక్కడే ఉన్నాడు, గడ్డి కోస్తున్నాడు.

"ఏరా ఇన్‌స్పెక్టరూ, మధ్యలో ఊడిపడ్డావు? రెండో పత్రిక తెచ్చావా?"

"లేదు బావా. మెయిన్ ఒకసారి ఆపుతాను. అయిదు నిమిషాలు."

"ఎందుకు?"

నేను జవాబు చెప్పకుండా స్తంభం దగ్గర మెయిన్ ఆపి, షెడ్డు వెనక్కి వెళ్ళి చెరువు అంచున బురదలోకి దిగాను. రాడ్డు తుప్పు పట్టి చిటికెనవేలంత సన్నబడింది. వైరు ఒక్క పోగు మీద వేలాడుతోంది. దాన్ని కోసేసి రాడ్డును రెండు చేతులతో ఊపి పీకాను. మోకాళ్ళ దాకా బురద. బావ కొడవలి పట్టుకుని చూస్తున్నాడు.

"అది నువ్వు పాతిందే కదరా."

"అవును. నేను పాతిందే. అప్పుడే తప్పు అది. ఊడి ఉంటే ఎవరో ఒకరు పోయేవాళ్ళు. కాగితంలో రాయలేదు."

ఆయన నవ్వడానికి సిద్ధమైన మొహంతో ఉన్నాడు. మూతి ఒక పక్కకు వెళ్ళింది కూడా. కానీ నవ్వు బయటికి రాలేదు. నేను బురదలో నిలబడి రాడ్డు పట్టుకుని ఉన్నాను. ఆయన పాట కట్టడానికి మాట ఏదీ నేను మిగల్చలేదు, అప్పటికే నేనే అనేశాను.

"మరి లైటో?" అన్నాడు చివరికి. "మీ అక్క సందె చీకట్లో ఎట్టా చూసుకుంటది?"

"సోలార్ది తెచ్చాను. బ్యాగులో ఉంది."

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు కొడవలి మొనతో నేల గీకాడు.

"మీ అక్క పొద్దున్నుంచి ఎడమచేత్తో తింటందిరా" అన్నాడు. "అడిగితే బెణికింది అంది."

నేను రాడ్డుకు అంటిన బురద వేలితో గీకుతున్నాను. ఒట్టు పెట్టుకున్నాను కదా.

"బెణికిందేనా?"

"నాకేం తెలుసు బావా."

ఆయన నా మొహం చూశాడు. నేను చెరువు వైపు చూశాను. ఆయనకు తెలిసిందో లేదో చెప్పలేను. అడగడానికి ఇప్పటికీ లేదు.

"స్టార్టరుకి ఏం చెయ్యాలో అదొక్కటి చెయ్యి" అన్నాడు. "ఆ కాగితం మాత్రం నా కళ్ళ ముందు తియ్యకు."

"ఎర్తింగ్ ఒక్కటే చాలదు బావా, ఫ్యూజు తీగ కూడా మార్చాలి."

"ఒకటన్నాను."

"రెండూ ఒకటే పని."

"బేరాలు బాగానే నేర్చావురా గుడివాడలో." ఇది కొంచెం పాత గొంతు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి షెడ్డు పక్కన గొయ్యి తవ్వాం. తవ్వింది ఎక్కువ ఆయనే. ఇనుప గొట్టం దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేశాం. "మా మట్టికి ఉప్పు కొనుక్కొచ్చి వేస్తావా, చోద్యం" అన్నాడు, అయినా వేశాడు. గొట్టం నుంచి డబ్బాకు తీగ బిగించాను. లావు రాగి పోగులు తీసేసి సరైన ఫ్యూజు తీగ కట్టాను. మెయిన్ వేసి ముందు టెస్టరు పెట్టాను. వెలగలేదు. తర్వాత మా ఫ్యాక్టరీ పనివాళ్ళు చేసేలా, కొట్టినా చెయ్యి డబ్బాను పట్టేయకుండా, వేళ్ళ వెనకపక్కను డబ్బాకు ఆనించాను. ఏమీ లేదు. చల్లటి ఇనుము. అది చూసి బావ కూడా చెయ్యి పెట్టాడు. పూర్తి అరచెయ్యి. అలాగే కాసేపు ఉంచాడు.

పదకొండులో రెండు అయ్యాయి. నేను పాతిన రాడ్డును కలిపితే పన్నెండులో మూడు. గట్టు మీది అతుకులు ఇంకా గడ్డిలోనే ఉన్నాయి. ట్రిప్పరు ఆయన పక్కన పెట్టినచోటే దుమ్ము పట్టి ఉంది. వాటి మాట ఎత్తితే ఈ రెండు కూడా ఊడబీకుతాడేమోనని భయం. ఎత్తకపోతే మళ్ళీ వాన వస్తుంది. ఫిర్యాదు ఉత్తరం నా బ్యాగులోంచి తీయలేదు. పక్క చెరువుల వాళ్ళు పాతుకున్న రాడ్లు లెక్కపెట్టాను. కనిపించినంతలో ఏడు. అవన్నీ నేను నేర్పినవే. ఏడిళ్ళకు వెళ్ళి ఏడుగురి ముందు నా తప్పని చెప్పాలి. ఇప్పటికి రెండిళ్ళకు వెళ్ళాను. ఒకాయన కాఫీ ఇచ్చాడు, రాడ్డు తీయలేదు. రెండో ఆయన, "మీ బావ వెలిగించి చూపించినప్పుడు బానే ఉందిగా, నీకిప్పుడు కుట్టిందా?" అన్నాడు.

ఎర్తింగ్ చేసిన రోజు సాయంత్రం అయిదుకు అక్క మేత బకెట్టుతో గట్టెక్కింది. కుడిచెయ్యి కొంగులో ఉంది. బావ కొత్త తీగ చూపించి, "ఇక చేత్తో నొక్కొచ్చే. మీ తమ్ముడు గ్యారంటీ" అన్నాడు.

అక్క షెడ్డు గుమ్మంలో ఆగింది. డబ్బా వైపు చూసింది. నా వైపు, బావ వైపు చూసింది. తర్వాత ఎడమచెయ్యి చాచి మేకు మీది కర్ర తీసుకుని, దాని కొనతో పచ్చ బొత్తాన్ని నొక్కింది.

చక్రాలు తిరిగాయి. ఎర్తింగ్ గురించి, టెస్టరు గురించి, తడి కర్ర గురించి చెప్పాల్సిన మాటలు నా నోటిదాకా వరసగా వచ్చి నిలబడ్డాయి. అక్క కర్రను మేకుకు తగిలించి, అది ఊగకుండా ఒకసారి వేళ్ళతో ఆపింది. నేను బకెట్టు అందుకుని ఆమె వెనక నడిచాను.